ఇంట్లో దొరికే వస్తువులతో స్వయంతృప్తి: ఏది వాడొచ్చు, దేని జోలికి వెళ్లకూడదు

రాత్రిపూట క్యాజువాల్టీకి వచ్చే కొన్ని కేసుల్లో రోగి చెప్పే కథ ఏ ఊళ్లోనైనా ఇంచుమించు ఒకటే. "బాత్‌రూమ్‌లో జారి పడ్డాను, కింద ఏదో ఉంది, లోపలికి వెళ్లిపోయింది." డ్యూటీ డాక్టర్ అది నమ్మడు, నమ్మినట్టు తలూపి ఎక్స్‌రే రాస్తాడు. కథ అల్లడంలో పోయిన టైమ్ పెద్ద నష్టమేమీ కాదు. దానికి ముందు ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక నొప్పి భరిస్తూ గడిపిన ఒకటి రెండు రోజులే అసలు నష్టం.

ఇది పద్ధెనిమిదేళ్లు నిండినవాళ్ల కోసం రాసింది. స్వయంతృప్తి జబ్బు కాదు. దానివల్ల నరాల బలహీనత రాదు, చూపు తగ్గదు, పెళ్లయ్యాక పిల్లలు పుట్టకపోవడమూ ఉండదు. గోడల మీద పోస్టర్లు వేసి మందులమ్మేవాళ్లు ఈ భయాల మీదే బతుకుతున్నారు. అయితే చేతికి అందిన వస్తువునల్లా వాడేయడం మాత్రం నిజంగా ప్రమాదమే. ఇల్లు నిండా మనుషులుండి, పార్సిల్ వస్తే తలా ఒకరు విప్పి చూసే కుటుంబాల్లో ఇందుకోసమే తయారైన వస్తువు తెప్పించుకోవడం అందరికీ కుదరదు. కాబట్టి వంటింట్లో, బాత్‌రూమ్‌లో ఉన్నవాటి గురించే సూటిగా మాట్లాడుకుందాం.

మొదట ఆలోచించాల్సింది బయటికి రావడం గురించి

ఏ వస్తువైనా చేతిలోకి తీసుకున్నప్పుడు "దీన్ని ఎలా వాడాలి" అన్నది రెండో ప్రశ్న. "ఇది ఎలా బయటికొస్తుంది" అన్నది మొదటి ప్రశ్న. లోపల పెట్టేదైతే చేతి నుంచి జారిపోతే తీయగలమా? తొడిగేదైతే శరీరం ఉబ్బాక ఊడొస్తుందా? మధ్యలో విరిగితే ముక్కలన్నీ దొరుకుతాయా? ఈ మూడింటిలో ఒక్కదానికి "ఏమో" అని సమాధానం వచ్చినా దాన్ని పక్కన పెట్టేయండి. ఆస్పత్రికి చేరే కేసుల్లో ఎక్కువ భాగం ఈ "ఏమో"లే.

ఆ తర్వాత చూడాల్సింది వస్తువు పైభాగం. కంటికి నున్నగా కనిపించే ప్లాస్టిక్ హ్యాండిల్ మీద కూడా అచ్చు పోసినప్పుడు రెండు సగాలు కలిసిన చోట సన్నటి గీత ఉంటుంది. వేలికి తెలియకపోవచ్చు. కొంచెం దూది తీసుకుని వస్తువు చుట్టూ, చివర్లలో మెల్లగా రుద్దండి. ఎక్కడైనా దూది పోగు పట్టుకుని ఆగిపోయిందంటే అక్కడ గరుకుంది, లోపలి సున్నితమైన పొరను అది గీరుతుంది. పాత నైలాన్ సాక్సు తొడిగి లాగినా అది చిక్కుకున్న చోటు తెలిసిపోతుంది. చపాతీ కర్ర, పప్పుగుత్తి లాంటి చెక్క సామాను ఎంత నున్నగా ఉన్నా వద్దు. చెక్క తడి పీల్చుకుంటుంది, అందులో సూక్ష్మజీవులు చేరితే కడిగినా పోవు, పేళ్లు లేస్తాయి. పైగా మర్నాడు అదే కర్రతో చపాతీలు.

పైపైన వాడేవి: అందరికీ ముందుగా చెప్పాల్సింది ఇదే

లోపలికి ఏదీ పెట్టకుండా ఒంటి పైభాగంలో మాత్రమే వాడేవాటితో ప్రమాదం చాలా తక్కువ. స్త్రీలలో స్పర్శ ఎక్కువగా తెలిసేది క్లిటోరిస్ (యోని ద్వారానికి పైన ఉండే చిన్న మొగ్గలాంటి భాగం) దగ్గర, అది బయటే ఉంటుంది. చాలామంది స్త్రీలకు తృప్తి కలగాలంటే లోపల ఏదో ఉండాల్సిన పనే లేదు. ఇది తెలియకే కొందరు అవసరం లేని సాహసాలకు దిగుతుంటారు.

దిండు అన్నిటికన్నా తేలిక. శుభ్రమైన గలీబు వేసి, లోదుస్తుల మీదుగానో మెత్తటి కాటన్ గుడ్డ అడ్డం పెట్టుకునో వాడితే చాలు. టర్కీ టవల్‌తో నేరుగా రుద్దితే చర్మం ఒరుసుకుపోయి రెండు రోజులు మంట పెడుతుంది. పురుషులు పరుపుకేసి బలంగా ఒత్తిపెట్టడం అలవాటు చేసుకుంటే, ఆ ఒత్తిడికి తప్ప మామూలు స్పర్శకు స్పందన రాని పరిస్థితి ఏర్పడొచ్చు. పిడికిలి మరీ గట్టిగా బిగించే అలవాటుకూ ఇదే వర్తిస్తుంది.

వైబ్రేషన్ కావాలనుకుంటే బ్యాటరీతో నడిచే చిన్న మసాజర్ గానీ, ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ హ్యాండిల్ వైపు గానీ పనికొస్తాయి. బ్రష్ కుచ్చు ఉన్న వైపు వద్దు, దాని తల ఊడదీసేయండి. ఆ తల బిగించే చోట సన్నటి లోహపు కడ్డీ పొడుచుకు వచ్చి ఉంటుంది, అది ఒంటికి తగలకుండా హ్యాండిల్ అడుగుభాగం వాడాలి. పైన కండోమ్ తొడిగితే శుభ్రం చేసుకోవడం తేలిక. ఛార్జింగ్‌లో ఉండగా ఏదీ వాడకండి. మెడ నొప్పికని కొన్న, ప్లగ్‌కి పెట్టి వాడే పెద్ద మసాజర్‌ని బట్టల మీదుగా, పొడి చేతులతో వాడొచ్చు. దాన్ని బాత్‌రూమ్‌లోకి మాత్రం తీసుకెళ్లకండి. మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు, తడి చర్మం దాన్ని ఆపలేదు. మోటారు విప్పి, వైర్లు కలిపి సొంతంగా ఏదో తయారు చేయడం మాట అసలు ఎత్తొద్దు.

హెల్త్ ఫాసెట్, హ్యాండ్ షవర్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది మొదట వాడేది అదే. నీళ్లు తక్కువ ధారలో, దూరం నుంచి, బయటి భాగం మీద మాత్రమే పడాలి. గీజర్ కనెక్షన్ ఉంటే ముందు ముంజేతి మీద పోసుకుని వేడి చూసుకోండి, పైపులో ఆగిన నీళ్లు పోయాక ఒక్కసారిగా సలసల కాగేవి రావచ్చు. ధార నేరుగా యోనిలోకి కొట్టకూడదు. లోపలి మేలు చేసే బ్యాక్టీరియా కొట్టుకుపోతుంది, గర్భిణులకైతే లోపలికి వెళ్లే గాలి ప్రాణం మీదికి తెస్తుంది. మలద్వారంలోకి గట్టి ధార పెడితే పేగు చిల్లు పడొచ్చు.

జారుడు కోసం ఏం రాసుకోవాలి

తడి లేకుండా రుద్దితే చర్మం చిట్లుతుంది, చిట్లిన చోట ఇన్‌ఫెక్షన్ పడుతుంది. మెడికల్ షాపులో నీటి ఆధారిత లూబ్రికెంట్ జెల్ దొరుకుతుంది, కండోమ్‌లు అమ్మే కంపెనీలే వీటినీ అమ్ముతాయి. ప్రిస్క్రిప్షన్ అక్కర్లేదు. అడగడానికి మొహమాటమైతే నిత్యావసరాలు ఇంటికి తెచ్చే యాప్‌లలోనూ ఉంటుంది.

అది లేనప్పుడు మన ఇళ్లలో అందరి చెయ్యీ వెళ్లేది కొబ్బరినూనె మీదికే. పురుషులు బయట రాసుకోవడానికి అది ఫర్వాలేదు, సువాసన కలపనిదైతే మంచిది. కానీ నూనె, వాజిలైన్, వెన్న, క్రీము ఏది తగిలినా లేటెక్స్ కండోమ్ కొన్ని నిమిషాల్లోనే బలహీనపడి చిరిగిపోతుంది. వస్తువుకు కండోమ్ తొడిగి వాడుతున్నారంటే నూనె డబ్బా మూతపెట్టేయాల్సిందే. వాజిలైన్ యోని లోపల రాస్తే ఒక పట్టాన పోదు, ఇన్‌ఫెక్షన్లకు దారితీస్తుంది. తేనె, చక్కెర పాకం లాంటి తీపి పదార్థాలు ఫంగస్‌కు మేత. సబ్బు, షాంపూ, టూత్‌పేస్ట్ మంటలు పుట్టిస్తాయి. పురుషులైతే మూత్రనాళంలోకి సబ్బు నురగ వెళ్లి రెండు రోజులు మూత్రానికి వెళ్లాలంటేనే భయపడతారు.

అమృతాంజనం, జండూబామ్ లాంటి తలనొప్పి మందులు "చల్లగా ఉంటుంది" అని రాసేవాళ్లూ ఉన్నారు. నుదుటి చర్మం వేరు, ఇక్కడి చర్మం వేరు. పొరపాటున తగిలితే ముందు పొడిగుడ్డతో తుడిచి, తర్వాత గోరువెచ్చటి నీళ్లతో చాలాసేపు కడగాలి. దీనికి అన్న లాంటిది పచ్చిమిర్చి. మధ్యాహ్నం గోంగూర పచ్చడికి మిరపకాయలు తుంచిన చేతులు, ఆవకాయ కలిపిన చేతులు రాత్రికి కూడా మంట పుట్టించగలవు. మిరపలోని కాప్సైసిన్ నీళ్లకు కరగదు, నూనెకు కరుగుతుంది. అందుకని చేతులకు ముందు నూనె పట్టించి రుద్ది, ఆపైన గిన్నెలు తోమే సబ్బుతో కడగాలి, గోళ్ల కింద కూడా.

మొద్దుబార్చే జెల్‌లు, స్ప్రేలు వద్దు. నొప్పి అనేది ఆపమని శరీరం చెప్పే మాట, అది వినపడకుండా చేసుకుంటే గాయమయ్యాక గానీ తెలియదు. మందు తాగి ఉన్నప్పుడు కూడా అంతే.

యోనిలో వాడాలనుకుంటే

యోని మామూలుగా 7 నుంచి 10 సెంటీమీటర్ల లోతు ఉండి, ఉద్రేకంలో ఇంకాస్త సాగుతుంది. చివర గర్భాశయ ముఖద్వారం ఉంటుంది కాబట్టి వస్తువు పొట్టలోకి వెళ్లిపోవడమంటూ జరగదు. జారినా అక్కడే ఉంటుంది. ఇది ధైర్యం చెప్పే విషయమే, కానీ విరిగే వస్తువుల విషయంలో ఈ ధైర్యం పనికిరాదు.

ఎక్కువమంది వాడేది కూరగాయలే: కీరదోస, క్యారెట్. వాటితో పోవాల్సిన పద్ధతి ఇది.

గట్టిగా, తాజాగా ఉన్నది ఎంచుకోండి. కాస్త వంచి చూడండి, మెత్తగా వంగినా, టక్కుమనే శబ్దం వచ్చినా అది కూరకే. సైజు విషయంలో పందేలు వద్దు, రెండు వేళ్ల మందంతో మొదలుపెట్టడం నయం.

పురుగుమందు, మట్టి పోయేలా సబ్బు నీళ్లతో తోమి, బాగా కడిగి తుడవండి. ఫ్రిజ్‌లోంచి తీసిందైతే మామూలు వేడికి వచ్చేదాకా ఆగండి. మైక్రోవేవ్ ఒవెన్‌లో వేడి చేయడం మాత్రం వద్దు, బయట గోరువెచ్చగా ఉన్నా లోపల కాలిపోతూ ఉంటుంది. తొక్క తీయకండి. చెక్కితే రసం కారుతుంది, విరిగే గుణమూ పెరుగుతుంది.

కొత్త కండోమ్ తొడగండి. ప్యాకెట్ మీద గడువు తేదీ చూడండి, పర్సులో నెలల తరబడి వేడికి నలిగింది వద్దు. కండోమ్ చివర మీ చేతిలో పట్టుకునేంత మిగలాలి, కాయ కూడా కనీసం అరచేయి వెడల్పంత బయటే ఉండాలి. లేటెక్స్ పడనివాళ్లు పాలియురెథేన్ రకం అడగాలి.

జెల్ రాసి, మెల్లగా, మీకు మీరే ఆపుకోగలిగే భంగిమలో వాడండి. నిటారుగా నిలబెట్టిన వస్తువు మీద కూర్చోవడం అన్నిటికన్నా ప్రమాదం, కాలు జారితే ఒంటి బరువంతా దాని మీదే పడుతుంది. నొప్పి వస్తే అక్కడితో ఆపేయాలి.

అయ్యాక కండోమ్‌తో సహా చెత్తబుట్టలో వేయండి. మూత్రానికి వెళ్లండి, బయటి భాగం మామూలు నీళ్లతో కడుక్కోండి. లోపల సబ్బు అక్కర్లేదు, యోని తనను తానే శుభ్రం చేసుకుంటుంది.

అరటిపండు లోపలే చితికిపోతుంది. వంకాయ తొడిమకు ముళ్లుంటాయి. కాకర, బెండ, మొక్కజొన్న కంకి సంగతి చెప్పక్కర్లేదు. కొవ్వొత్తి నున్నగానే ఉంటుంది గానీ ఒత్తిడికి మధ్యలో విరుగుతుంది. నున్నటి ప్లాస్టిక్ హ్యాండిల్ ఉన్న దువ్వెన బ్రష్ వీటన్నిటికన్నా మేలు, దూది పరీక్షలో నెగ్గితే. పళ్లున్న తల వెడల్పుగా ఉంటుంది కాబట్టి లోపలికి జారదు. దానికీ కండోమ్ తప్పనిసరి. డియోడరెంట్ డబ్బాలు, రోల్-ఆన్ సీసాలు వద్దు, మూత ఊడి లోపల ఉండిపోతుంది. గాజు అసలే వద్దు.

కాన్పు అయిన ఆరు వారాల్లోపు, అబార్షన్ తర్వాత, గర్భిణిగా ఉండి డాక్టర్ విశ్రాంతి చెప్పినప్పుడు లోపల ఏదీ పెట్టకూడదు. కాపర్-టి ఉన్నవాళ్లు దాని దారం లాగబడకుండా చూసుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లకు చిన్న గీత కూడా మానడానికి టైమ్ పడుతుంది. కన్నెపొర గురించి పెళ్లికాని అమ్మాయిల్లో టెన్షన్ ఎక్కువ. ఆ పొర ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, ఆటలతోనూ సాగుతుంది, దాన్ని చూసి ఎవరూ ఏదీ తేల్చలేరు. కన్యత్వ పరీక్షలకు శాస్త్రీయ ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది.

పురుషులకు: తొడుక్కునేవన్నీ అనుమానించండి

సీసా మూతి, పీవీసీ పైపు ముక్క, బేరింగ్, నట్టు, ఉంగరం, చేతి గాజు. ఇవన్నీ యూరాలజీ డాక్టర్లు చూసినవే. అంగం మెత్తగా ఉన్నప్పుడు సులువుగా వెళ్తుంది, గట్టిపడ్డాక రక్తం లోపలికి వస్తుంది గానీ వెనక్కి పోదు. వాపు పెరిగేకొద్దీ బిగుతు, బిగుతు పెరిగేకొద్దీ వాపు. గంటలు గడిస్తే కణజాలం చచ్చిపోతుంది. సాగే మెత్తటి సిలికాన్ రింగు అయినా అరగంటకు మించి ఉంచకూడదు, పెట్టుకుని నిద్రపోకూడదు. రబ్బర్ బ్యాండు, దారం కట్టడం ఇంకా చెడ్డది, వాపులో కూరుకుపోయి కనిపించకుండా పోతుంది.

వాక్యూమ్ క్లీనర్ ముచ్చట కొత్తదేమీ కాదు. వాటివల్ల పురుషాంగానికి అయిన గాయాల మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్ 1980లోనే కేసులు ప్రచురించింది. చిన్న మెషీన్లలో ఫ్యాన్ రెక్కలు మూతికి దగ్గరగానే తిరుగుతుంటాయి, ఆ సంగతి వాడేవాళ్లకు తెలియదు.

ఇంట్లో చేసుకోదగింది ఒకటుంది. చిన్న నాప్‌కిన్ టవల్‌ని పొడవుగా మూడు మడతలు వేయండి. పౌడర్ లేని డిస్పోజబుల్ గ్లోవ్ ఒకటి దాని చివర్న పెట్టి, నోరు ఉన్న వైపు నాలుగు వేళ్ల వెడల్పు బయటికి ఉంచండి. టవల్‌ని చాపలా చుట్టేసి, బయటికున్న గ్లోవ్ అంచును టవల్ చుట్టూ వెనక్కి మడవండి. అది జారకుండా రబ్బర్ బ్యాండ్లు టవల్ మీదే వేయండి, వదులుగా. లోపల జెల్ వేసుకోండి. బిగుతుగా అనిపిస్తే చుట్ట సడలించండి. బయటికి రావడం కష్టమయ్యే అవకాశం లేదు, ఎందుకంటే చుట్టంతా గుడ్డే. ఒకసారికి ఒక గ్లోవ్, టవల్‌ని వేడినీళ్లలో ఉతకాలి, ఆ టవల్ ఇంకెవరికీ కాదు.

గట్టిపడ్డ అంగాన్ని బలవంతంగా వంచడం, వేళ్ల మెటికల్లా విరవడం కొందరికి అలవాటు. లోపలి పొర చిట్లితే టప్పుమని శబ్దం వచ్చి, వెంటనే మెత్తబడి, నల్లగా వాచిపోతుంది. ఇది అప్పటికప్పుడు ఆపరేషన్ చేయాల్సిన కేసు. రేపు చూద్దాంలే అంటే వంకర ఉండిపోతుంది.

మలద్వారం: ఇంట్లోని ఏ వస్తువూ పనికిరాదు

ఇక్కడ మినహాయింపులు ఇవ్వను. యోనికి చివర ఉంది, దీనికి లేదు. పురీషనాళం 12 నుంచి 15 సెంటీమీటర్లు, ఆ పైన పెద్దపేగు మొదలవుతుంది. ద్వారం దగ్గర రెండు కండర వలయాలుంటాయి, లోపలిది మన మాట వినదు. వస్తువు వలయం దాటగానే అది మూసుకుని, వస్తువును పైకి లాగేస్తుంది. మీరు తొయ్యక్కర్లేదు. సీసాలాంటిదైతే లోపల గాలి పీడనం తేడాతో అతుక్కుని, కిందికి లాగినా రాదు. దారం కట్టి పెడితే తీయొచ్చనుకుంటారు, తడికి ముడి జారిపోతుంది లేదా దారం తెగుతుంది. కూరగాయలు, సీసాలు, డబ్బాలు, టార్చిలైట్లు, బల్బులు, అన్నీ ఆపరేషన్ థియేటర్ దాకా వెళ్లినవే.

కుతూహలం ఉంటే గోళ్లు కత్తిరించి, గ్లోవ్ వేసి, ఎక్కువ జెల్‌తో వేలు వాడండి. అంతకు మించి కావాలంటే అడుగుభాగం వెడల్పుగా ఉండి, పైభాగంతో కలిపి ఒకే ముక్కగా పోతపోసిన సిలికాన్ వస్తువు కొనుక్కోవడమే మార్గం. మన దేశంలో వీటిని ఎక్కువగా "మసాజర్లు" అన్న పేరుతోనే అమ్ముతారు, మామూలు అట్టపెట్టెలో పంపుతారు. బాడీ మసాజర్లను అశ్లీల వస్తువులంటూ ఆపిన కస్టమ్స్ వాదనను బాంబే హైకోర్టు 2024లో తోసిపుచ్చింది. ఇక్కడ వాడినదేదైనా కండోమ్ మార్చకుండా, కడగకుండా యోని దగ్గరికి తేకూడదు.

కంప్రెసర్ గాలి సంగతి వేరే చెప్పాలా? పనిచేసేచోట సరదా పేరుతో గాలి కొట్టి మనిషి ప్రాణం తీసిన వార్తలు మన పేపర్లలో వస్తూనే ఉన్నాయి.

ఎవరూ, ఎప్పుడూ చేయకూడని రెండు

మూత్రనాళంలో ఏదీ పెట్టకూడదు. రీఫిల్, వైరు, ఇయర్‌బడ్, అగరుపుల్ల ఏదైనా సరే. స్త్రీలలో అది నాలుగు సెంటీమీటర్లే, చిన్న వస్తువు ఇట్టే మూత్రాశయంలోకి చేరి, దాని చుట్టూ రాయి కడుతుంది. పురుషులలో చిట్లిన నాళం మానాక మచ్చకట్టి మూసుకుపోతుంది, మూత్రం కోసం ఏళ్ల తరబడి డాక్టర్ల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

మెడకు బిగించడం, ముఖానికి కవర్ తొడగడం రెండోది. మెదడుకు రక్తం ఆగితే 10-15 సెకన్లలో స్పృహ పోతుంది, ముడి విప్పుకోవాల్సిన చేతులు అప్పటికే పడిపోయి ఉంటాయి. దీన్ని జాగ్రత్తగా చేసే పద్ధతి లేదు.

ఇరుక్కుపోతే

యోనిలో అయితే చేతులు కడుక్కుని, గొంతుక్కూర్చుని, ముక్కుతూ రెండు వేళ్లతో ప్రయత్నించండి. ఒకటి రెండుసార్లకు రాకపోతే, విరిగినట్టు అనిపిస్తే గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. అక్కడ అది చాలాసార్లు ఓపీలోనే అయిపోయే పని. లోపల మర్చిపోతే దుర్వాసనతో కూడిన స్రావం, జ్వరం మొదలవుతాయి.

అంగానికి ఏదైనా పట్టేస్తే పడుకోండి, గుడ్డలో చుట్టిన ఐసు కొద్ది నిమిషాలు పెట్టండి, నూనె ధారాళంగా రాసి మెల్లగా తిప్పుతూ తీయండి. పది నిమిషాల్లో రాకపోతే, రంగు నీలంగా మారినా, మొద్దుబారినా ఇక ఆగకండి. హాక్సా బ్లేడు, కటింగ్ ప్లేయర్ మీరే పట్టుకోకండి. గట్టి లోహమైతే ఆస్పత్రివాళ్లే ఫైర్ సిబ్బంది సాయం తీసుకున్న సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఏమీ తొడగకపోయినా గట్టితనం నాలుగు గంటలు దాటి తగ్గకపోతే అదీ ఎమర్జెన్సీయే.

మలద్వారంలో అయితే ఇంట్లో ఏ ప్రయత్నమూ వద్దు. పట్టకారు, గరిటె కాడ పెడితే ఇంకా పైకి పోతుంది. విరేచనాల మందు, ఎనిమా తీసుకుంటే పేగు బిగిసి చిల్లుపడొచ్చు. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి ఏమీ తినకుండా, తాగకుండా సర్జన్ ఉండే క్యాజువాల్టీకి వెళ్లండి. పొట్ట గట్టిపడటం, నొప్పి పెరగడం, జ్వరం, రక్తం, ఇందులో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయండి.

డాక్టర్‌తో మూడే ముక్కలు చెప్పాలి: ఏ వస్తువు, ఎంత పొడవు, ఎప్పటినుంచి. గాజైతే ఆ మాట ముందే చెప్పండి, ఉత్త చేత్తో పట్టుకోరు. అదే రకం వస్తువు ఇంకొకటి ఇంట్లో ఉంటే తీసుకెళ్లండి, కొలత తెలుస్తుంది. ఒంటరిగా మాట్లాడాలని అడిగితే వెంట వచ్చినవాళ్లను బయటికి పంపుతారు. రోగి చెప్పింది గోప్యంగా ఉంచడం డాక్టర్ వృత్తి నియమం. ఎవరైనా బలవంతం చేశారా అని అడగొచ్చు, అది వాళ్ల బాధ్యత, ఉన్నదున్నట్టు చెప్పండి. 

ఇంటికొచ్చాక డాక్టర్ చెప్పినన్నాళ్లు ఆ భాగాన్ని విశ్రాంతిగా వదిలేయండి. మలబద్ధకం రాకుండా నీళ్లు, పీచుపదార్థం ఎక్కువ తీసుకోండి. వచ్చాక జ్వరం తగిలినా, పొట్ట ఉబ్బినా, మళ్లీ రక్తం కనిపించినా రివ్యూ తేదీ దాకా ఆగకుండా అదే ఆస్పత్రికి వెళ్లండి.